ఇటు చూడని ఫొటో

టూవూంబా,
5 మార్చి 2000

నిస్సార్ మామూకి,

అస్సలాము అలైకుం. ఉత్తరం తెలుగులో రాస్తున్నందుకు జాహిదా ముమానీకి కోపం వస్తుందని తెలుసు. ఉర్దూలో రాయడం నాకు రాదు, చదవడం మీకు రాదు. ఆ కోపం మనిద్దరం చెరి సగం పంచుకుందాం. ఫోను చేద్దామంటే మీరు "హలో, వినపడుతోందా" అని అడగడం పూర్తయ్యేసరికి నా కార్డు అయిపోతుంది.

ఇక్కడ అందరం బాగున్నాం. అందరం అంటే నేనూ ఇమాదూ. కొత్త సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని ఇక్కడి యూనివర్సిటీవాళ్ళు ఇమాద్‌ని పిలిపించుకున్నారు కదా, ఏమీ ఆగలేదు. ఏమీ జరగనందుకు అందరూ ఆయన్ని అభినందించి కేకు కోశారు. ఇంకా ఏదైనా జరుగుతుందేమో చూడమని ఆరు నెలలు ఉంచుకున్నారు. ఆయన రోజూ వెళ్ళి చూసి వస్తున్నారు.

నాకే ఏమీ తోచడం లేదు. పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళ వైపుకి మీరు రాకూడదని నా చేతికి కెమెరా ఇచ్చారు, గుర్తుందా? ఆ కెమెరా ఇక్కడ బీరువాలో దుప్పట్ల కింద పడుకుని ఉండేది. ఇప్పుడు దానికి పని దొరికింది. అందుకే ఈ ఉత్తరం.

మా పక్కింటి ప్రేమిల ఆంటీవాళ్ళు ఫిజీ నుంచి వచ్చారు. వాళ్ళ తాతల తాతలు విజయనగరం వైపు నుంచి చెరుకు తోటల్లో పనికి ఓడెక్కారట. ఆంటీ నన్ను చూస్తే చాలు, "ఏటమ్మా ఫరా, కూడు తిన్నావా?" అంటుంది. ఆ తెలుగు మన ఊళ్ళో ఎక్కడా వినలేదు గానీ వింటే ఆకలేస్తుంది. ఆంటీ కొడుకు కృనేష్‌కి మే ఆరున పెళ్ళి. పెళ్ళికూతురు శ్రిష్టి ఇక్కడి ఆసుపత్రిలో నర్సు. పొద్దున మంటపం ఫొటోలు వాళ్ళ చుట్టం తీస్తాడు. సాయంత్రం హాల్లో పార్టీ నాది.

అందులో ముఖ్యమైనది ఫస్ట్ డాన్స్. అంటే హాలు మధ్యలో పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ ఇద్దరే ఒక పాటకి డాన్స్ చేస్తారు. మిగతావాళ్ళు చుట్టూ నిలబడి చూస్తారు. శ్రిష్టి నా దగ్గరికి వచ్చి మరీ చెప్పింది: "ఫరహ్, నాకు మిగతావి ఎలా వచ్చినా పర్లేదు. మేమిద్దరం డాన్స్ చేస్తున్న ఫొటో ఒక్కటి చాలు." ఆ అమ్మాయి దానికోసం క్లాసులకి వెళుతోంది.

ఇది కుదిరితే ఈ ఊళ్ళో నన్ను ఫొటోగ్రాఫర్ అంటారు. కుదరకపోతే యూనివర్సిటీ క్యాంటీన్‌లో సాండ్‌విచ్‌లకి టమాటాలు కోసే పని ఖాళీగా ఉందని ఇమాద్ కనుక్కుని వచ్చారు. నాకు భయంగా ఉంది. డాన్స్ ఎలా తీయాలో వివరంగా రాయండి.

మీ
ఫరహ్


నరసరావుపేట,
24 మార్చి 2000

ఫరహ్‌కి దువాలతో నిస్సార్ అహ్మద్ రాయునది.

నీ ఉత్తరం అందింది. ముమానీకి కోపం వచ్చింది. నా సగం నేను తిన్నాను, నీ సగం దాచి ఉంచింది. ఎండలు మొదలయ్యాయి. స్టూడియోలో లైట్లు వేస్తే కస్టమర్ల పౌడరు కారిపోతోంది.

ముందుగా ఒక సందేహం. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ తామే డాన్స్ చేయడమేమిటి? ఆ ఊళ్ళో రికార్డింగ్ డాన్సువాళ్ళు దొరకరా? దొరక్కపోతే పాపం ఏం చేస్తారులే.

ఇక పని సంగతి. కదిలే మనుషుల్ని తీయడం వీడియోవాడి పని. మన పని ఆపడం. నేను తాళి ఫొటో ఎలా తీస్తానో నువ్వెప్పుడూ చూడలేదు, నువ్వు మనవాళ్ళ పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళ వైపే ఉండిపోయావు. పెళ్ళికొడుకు తాళి పట్టుకుని వంగగానే నేను చేయి ఎత్తుతాను. పంతులుగారు మంత్రం ఆపుతారు. మేళం ఆగుతుంది. పెళ్ళికొడుకు తాళి అలాగే పట్టుకుని నావైపు చూస్తాడు, పెళ్ళికూతురు తలెత్తి నావైపు చూస్తుంది. ఎవరైనా కన్ను ఆర్పుతారేమోనని రెండు తీస్తాను. నేను "కానివ్వండి" అన్నాకే ముడి పడుతుంది. ఈ ఊళ్ళో ముప్పై ఏళ్ళుగా ముహూర్తాలన్నీ నా చేయి దిగాకే జరిగాయి. ఒక్కరూ కాదనలేదు.

డాన్స్‌కి కూడా అంతే. పాట మధ్యకి రానివ్వు. ఇద్దరూ బాగా దగ్గరగా ఉన్నప్పుడు చేయి గట్టిగా ఎత్తు, గొంతు కూడా ఎత్తు. మొహమాటపడకు. గడ్డాలు సరిచెయ్యి. కళ్ళు నీ మీద ఉండాలి. ఫొటోలో మనిషి మనవైపు చూడకపోతే ఎవరి ఇంట్లోదో దొంగతనంగా తీసినట్టు ఉంటుంది.

ముమానీ ఒకటి అడగమంది: డాన్స్‌లో వాళ్ళు చేతులు పట్టుకుంటారా? తర్వాత అడగొద్దు అంది. ఇప్పుడు మళ్ళీ అడగమంటోంది.

నీ పేరు నిలబెట్టుకో. నా పేరు కూడా అందులోనే ఉంది.

నిస్సార్ అహ్మద్
నూర్ ఫొటో స్టూడియో, స్టేషన్ రోడ్డు


టూవూంబా,
14 మే 2000

మామూకి,

సలాం. పెళ్ళి అయిపోయింది. మీరు రాసింది రాసినట్టు చేశాను. ఏం జరిగిందో వరసగా రాస్తాను, మీరే చెప్పండి.

దీపాలు తగ్గించారు. పాట మొదలైంది. శ్రిష్టి ఎర్ర లెహంగాలో, కృనేష్ సూటులో. చేతులు పట్టుకున్నారు, ముమానీకి చెప్పండి. నడుము మీద కూడా ఒక చేయి ఉంటుంది. నేను దగ్గరికి వెళ్ళే కంగారులో వేలు తగిలి బటన్ నొక్కుకుపోయి ఒక ఫ్రేము వృథా అయింది. ఇద్దరిలో ఎవరూ ఇటు చూడలేదు. తర్వాత పాట మధ్యకి వచ్చింది. చేయి ఎత్తి "స్టాప్!" అన్నాను. గొంతు మీరు చెప్పినదానికంటే కొంచెం ఎక్కువే లేచింది.

పాటలు పెట్టే అబ్బాయి ఎవరో పడిపోయారనుకుని పాట ఆపేశాడు. దీపాలు వేశాడు. "ప్లీజ్ లుక్ హియర్" అని గడ్డాలు సరిచేసి రెండు తీశాను. అంతవరకు బాగానే ఉంది. ఇక "కంటిన్యూ" అందామని నోరు తెరిచేలోపు వాళ్ళ విఠల్ అంకుల్ భార్యాపిల్లలతో వచ్చి వాళ్ళ పక్కన నిలబడ్డాడు. పాట ఆగింది, దీపాలు వెలిగాయి, పెళ్ళివాళ్ళు నిలబడి ఉన్నారు, ఫొటోగ్రాఫర్ చేయి ఎత్తింది. ఆయనకి ఇందులో అర్థం కానిది ఏముంది? ఫ్యామిలీ ఫొటోలు మొదలయ్యాయి అనుకున్నాడు. ఆయన వెనక వాళ్ళ అన్నయ్యవాళ్ళు. వాళ్ళ వెనక ఫిజీలో నాడి అనే ఊరి నుంచి వచ్చినవాళ్ళు. నేను తలెత్తేసరికి వరస తలుపు దాకా ఉంది.

కృనేష్ ఆఫీసులో పెద్దాయన, తెల్లాయన, భార్యని తీసుకుని అందులోనే నిలబడ్డాడు. "బ్యూటిఫుల్ కస్టమ్" అన్నాడు. చేతులు దించమని ఎవరూ చెప్పలేదు కాబట్టి పెళ్ళివాళ్ళు అందరితోనూ అదే డాన్స్ భంగిమలో నిలబడ్డారు. కృనేష్ చెవుల దాకా నవ్వుతూనే ఉన్నాడు. శ్రిష్టి కూడా సగం మంది దాకా నవ్వింది. తర్వాత పళ్ళు మాత్రమే కనపడ్డాయి. వరస అయిపోయేసరికి భోజనాలు చల్లారిపోతున్నాయన్నారు, తర్వాత హాలు ఖాళీ చేయమన్నారు. డాన్స్ మళ్ళీ జరగలేదు.

ప్రేమిల ఆంటీకి చెప్పలేనంత ఆనందం. ఒక్క కుటుంబమూ తప్పిపోకుండా అందరూ ఫొటోల్లోకి వచ్చారట. నా పెళ్ళి ఆల్బమ్‌లో మీరు నన్నూ ఇమాద్‌నీ చందమామలో కూర్చోబెట్టారు కదా, అది చూసి అలాంటిదే కావాలంది. నెగిటివ్‌లు రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. ఆ వృథా ఫ్రేము వదిలేయండి.

శ్రిష్టి మాత్రం నాతో మాట్లాడటం లేదు. నేనేమైనా తప్పు చేశానా మామూ? మీరు చెప్పినట్టే చేశాను. అయినా ఆ అమ్మాయి ఎదురుపడితే చెత్తబుట్ట బయట పెట్టడం మానేసి లోపలికి వచ్చేస్తున్నాను.

ఫరహ్


నరసరావుపేట,
9 జూన్ 2000

ఫరహ్‌కి,

నీ ఉత్తరాన్ని స్టూడియోలో గట్టిగా చదివించాను. పాస్‌పోర్టు ఫొటో కోసం వచ్చినవాళ్ళు కూడా విన్నారు. మొదటి పెళ్ళికే హాలంతా వరస కట్టించావు. తెల్లవాళ్ళు కూడా నిలబడ్డారంటే ఇక చెప్పేదేముంది? నేను ఈ పని మొదలుపెట్టినప్పుడు నా చేతికి పంతులుగారు మూడో పెళ్ళికి గానీ ఆగలేదు.

డాన్స్ ఆగిపోయిందని ఏదో నేరం చేసినట్టు రాశావు. ఆగకపోతే ఫొటో ఎలా వస్తుంది? పెళ్ళికూతురు మాట్లాడటం లేదంటే కొత్త కోడలు కదా, సిగ్గు. ముమానీ నాతో మొదటి నెల మాట్లాడలేదు. ఇప్పుడు ఆ నెల కూడా కలిపి మాట్లాడుతోంది.

ఆల్బమ్ తయారైంది. చందమామలో ఒకటి, తామరపువ్వులో ఒకటి, నాగార్జునసాగర్ డ్యామ్ మీద ఒకటి పెట్టాను. గేట్లన్నీ ఎత్తి ఉన్న డ్యామ్, బాగా కుదిరింది. నువ్వు వృథా అన్న ఫ్రేము కూడా పారేయలేదు. వెలుతురు బాగుంది, మనుషులే పాడు చేశారు. అమ్మాయి కళ్ళు మూసుకుని ఉంది. అబ్బాయి ఏదో పారేసుకున్నవాడిలా నేల చూస్తున్నాడు, పైగా నోరు తెరిచి ఉంది. సన్న బ్రష్షు తీసుకుని ప్రింటు ముందు కూర్చున్నాను. అమ్మాయికి కళ్ళు తెరిచాను. అబ్బాయి రెప్పలు ఎత్తి కనుపాపలు దిద్దాను, పెదాలు మూసి కొంచెం చిరునవ్వు పెట్టాను. ఇప్పుడు ఎటు నుంచి చూసినా ఇద్దరూ నిన్నే చూస్తారు. చందమామలో పెట్టింది దాన్నే.

ఆల్బమ్ పంపాను. ముందు బిస్మిల్లా అని తెరవండి.

నిస్సార్ అహ్మద్


టూవూంబా,
2 జూలై 2000

మామూకి,

ఆల్బమ్ వచ్చింది. ప్రేమిల ఆంటీ ఏడ్చింది. వాళ్ళాయన శివనంద్ అంకుల్ డ్యామ్ పేజీ దగ్గర చాలాసేపు ఆగి, మన కృనేష్ ఇక్కడికి ఎప్పుడు వెళ్ళాడని అడిగారు. వీధిలో తిప్పి అందరికీ చూపించారు. ఆ తర్వాత శ్రిష్టి చూసింది. చందమామ పేజీ దగ్గర ఆల్బమ్ మూసి బల్ల మీద పెట్టింది. మర్నాడు సిడ్నీ బస్సెక్కి వాళ్ళ అమ్మావాళ్ళింటికి వెళ్ళిపోయింది.

బస్టాండు దాకా నేనే దింపాను. ఎవరూ పోట్లాడలేదు, ఎవరూ అరవలేదు, కాబట్టి ఏమీ జరగలేదని ఇంట్లో అందరూ అనుకుంటున్నారు. కారులో ఆ అమ్మాయి నాకు చెప్పింది. డాన్స్ క్లాసులకి కృనేష్ ఒక్కరోజూ వెళ్ళలేదట. ఇక్కడ నిన్నటి నుంచి కొత్త పన్ను వచ్చింది, దానికోసం కంప్యూటర్లన్నీ మళ్ళీ మార్చాలని ఆఫీసువాళ్ళు కదలనివ్వలేదన్నాడట. ఆమె ఒక్కతే వెళ్ళి టీచరుతో డాన్స్ చేసి వచ్చేది. "అది కూడా పర్లేదు ఫరహ్," అంది. "కానీ నువ్వు స్టాప్ అన్నప్పుడు వాడి మొహం చూడు. హీ వాజ్ హ్యాపీ. ప్రతి ఫొటోలో హ్యాపీ. మా డాన్స్ ఆగిపోయిందని మా ఆయనకి ఎంత సంతోషమో నీ ఆల్బమ్‌లో పేజీ పేజీకీ ఉంది." చందమామలో కూడా నవ్వుతున్నాడు అంది. అది మీరు పెట్టిన నవ్వు, మామూ.

నాకు మీ మీద చాలా కోపంగా ఉంది. పెద్దవాళ్ళకి ఇలా రాయకూడదని తెలుసు, అయినా రాస్తున్నాను. ఆ అమ్మాయి అడిగింది డాన్స్ చేస్తున్న ఫొటో ఒక్కటి. నేను తీసినవాటిలో వాళ్ళు డాన్స్ చేస్తున్నది ఆ ఒక్క ఫ్రేములోనే. దాన్ని నేను వృథా అన్నాను, మీరు బాగు చేశారు. మన ఇద్దరి పనితనం కలిసి ఆ అమ్మాయిని బస్సెక్కించింది.

దయచేసి ఆ నెగిటివ్‌ని ఉన్నది ఉన్నట్టు ప్రింటు వేసి పంపండి. నోరు తెరిచి ఉంటే తెరిచే ఉండనివ్వండి. అందులో వాళ్ళ మొహాలు ఎలా ఉన్నాయో నాకు సరిగ్గా గుర్తు లేదు. అందులో కూడా ఆ అబ్బాయి డాన్స్ తప్పించుకునేవాడిలాగే ఉంటే ఇంకేం చేయాలో నాకు తెలియదు. నెగిటివ్‌లన్నీ కూడా పంపేయండి.

ఫరహ్


నరసరావుపేట,
21 జూలై 2000

ఫరహ్‌కి,

నా బ్రష్షు మీద ఇప్పటిదాకా ఎవరూ ఫిర్యాదు చేయలేదు. చనిపోయినవాళ్ళకి కూడా కళ్ళు తెరిచాను. వాళ్ళవాళ్ళు ఆ ఫొటో పట్టుకుని ఏడ్చి నాకు దండం పెట్టి వెళ్ళారు. బతికున్నవాళ్ళకి తెరిస్తే ఇల్లు విడిచి వెళ్ళిపోవడం ఇదే మొదటిసారి. నాకు బాధ కలిగింది. రెండు రోజులు స్టూడియో తెరవలేదు. కరెంటు కూడా లేదనుకో.

అడిగినట్టే ప్రింటు వేశాను. పెద్ద సైజు వేశాను. బ్రష్షు ముట్టలేదు, చేయి లాగింది గానీ ముట్టలేదు. ఆరబెడితే ముమానీ వచ్చి చూసింది. చాలాసేపు చూసింది. "ఈ పిల్లాడు ఏదో అప్పజెప్పుకుంటున్నాడు" అంది. పరీక్ష హాల్లోకి వెళ్ళేముందు పిల్లలు గొణుక్కుంటారు కదా, అలా ఉందట. "నేల కాదు, ఆ పిల్ల పాదాలు చూస్తున్నాడు, తొక్కుతానేమోనని చచ్చిపోతున్నాడు" అంది. నాకు ఇదేమీ కనపడలేదు. నాకు కనపడింది ఫోకస్ బాగుందని. అది మెచ్చుకోలు కాదు, ఉన్న మాట.

ముమానీ ఇంకొక మాట కూడా అంది. "మన పెళ్ళి ఫొటోలో నువ్వెటు చూస్తున్నావో గుర్తుందా?" అని నన్ను అడిగింది. కెమెరావైపే చూస్తున్నాను, ఇంకెటు చూస్తాను అన్నాను. అదే అడుగుతున్నాను అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఈ ఇంట్లో కూడా ఇప్పుడు ఎవరూ అరవడం లేదు. నీ ఫొటో వల్ల.

ప్రింటూ నెగిటివ్‌లూ ఇందులోనే ఉన్నాయి. అమ్మాయి తిరిగి వచ్చిందో లేదో వెంటనే రాయి. ముమానీ రోజూ పోస్ట్‌మాన్‌ని అడుగుతోంది. నేను అడగడం లేదు.

నిస్సార్ అహ్మద్


టూవూంబా,
13 ఆగస్టు 2000

మామూకి, ముమానీకి,

ముమానీ, ఈ ఉత్తరం మామూ చేత గట్టిగా చదివించుకోండి.

శ్రిష్టి నిన్న వచ్చింది. ఉండటానికి రాలేదు, బట్టలకోసం వచ్చింది. ప్రింటు వచ్చిందని నేనే ఫోను చేసి చెప్పాను. బస్టాండు నుంచి కృనేష్ తీసుకొచ్చాడు. ఆమె మా ఇంట్లోకి వచ్చింది, అతను కారులోనే కూర్చున్నాడు. బయట చలి కోసేస్తోంది, ఈ కొండ మీద ఆగస్టు అంటే అంతే. ఇమాద్ వెళ్ళి టీ తాగుదువు రమ్మని లాక్కొచ్చారు.

ఫొటో బల్ల మీద పెట్టాను. శ్రిష్టి చూసింది. కోటు కూడా విప్పలేదు. కాసేపయ్యాక "వాడు ఏం మాట్లాడుతున్నాడు?" అని నన్ను అడిగింది. నన్నెందుకు అడగడం, మనిషి ఎదురుగానే ఉన్నాడు కదా అన్నాను. కృనేష్ ఫొటో చూసి చెవుల దాకా ఎర్రబడ్డాడు. "లెఫ్ట్, బ్యాక్, టుగెదర్, టర్న్," అన్నాడు.

క్లాసులకి వెళ్ళలేదన్నది నిజమే. ఆఫీసు నుంచి వచ్చాక గ్యారేజీలో ప్రేమిల ఆంటీతో నేర్చుకున్నాడట. శ్రిష్టి తెచ్చి ఇచ్చిన క్లాసు కాగితాలు చూసి తల్లీకొడుకులు ఇద్దరూ ప్రాక్టీసు చేశారు. చెప్పొచ్చు కదా అంటే, "మమ్మీతో డాన్స్ నేర్చుకున్నానని ఎలా చెప్పను?" అన్నాడు. ప్రేమిల ఆంటీని పిలిపించాం. "ఔనే, నా కాళ్ళు తొక్కి తొక్కి పచ్చడి సేసినాడు. ఎవులికీ సెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు," అంది. కోడలు సిడ్నీ వెళ్ళిపోయినా ఆ ఒట్టు తీయలేదు, చూడండి. నాకు ఆంటీ మీద కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది.

"మరి ఆపినప్పుడు అంత సంతోషం ఎందుకు?" అని శ్రిష్టి అడిగింది. కృనేష్ నావైపు తిరిగి క్షమించమన్నట్టు చూశాడు. "టర్న్ తర్వాత ఏమిటో మర్చిపోయాను. ఇంకొక్క క్షణంలో హాలంతా చూస్తుండగా నీ పరువు తీసేవాణ్ణి. అప్పుడు ఫరహ్ చేయి ఎత్తింది. ఐ థాట్, థాంక్ గాడ్." మామూ, మీ చేయి వల్ల ఒక మంచి కూడా జరిగింది. ఒక్కటే.

శ్రిష్టి వెంటనే నవ్వలేదు. ఫొటోని మళ్ళీ దగ్గరికి తీసుకుంది. అందులో అతని పెదాల మీద వేలు పెట్టింది. తర్వాత కోటు విప్పి కుర్చీ మీద వేసింది. "టర్న్ తర్వాత మళ్ళీ లెఫ్టే, ఇడియట్," అంది.

ఇమాద్ టీ బల్ల గోడవైపు జరిపారు. పాట లేదు. ప్రేమిల ఆంటీ చేతులతో తాళం వేసింది, అది వేరే పాటకి తాళం. వాళ్ళు సోఫాకీ టీవీకీ మధ్య మొదలుపెట్టారు. నేను నోరు మూసుకుని నిలబడ్డాను. శ్రిష్టి అతని భుజం మీద నుంచి, "ఫరహ్, కెమెరా తెచ్చుకో. ఒక్క మాట మాట్లాడితే చంపేస్తాను," అంది.

తెచ్చుకున్నాను. ఫిల్ము రోలంతా తీశాను. నా చేయి రెండుసార్లు లేవబోయింది, దాన్ని లెన్సు కింద గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. కృనేష్ పెదాలు కదుపుతూనే ఉన్నాడు, ఆమె పాదం తొక్కాడు, ఆమె అబ్బా అని అతని చొక్కా పట్టుకుంది. ఒక్కసారి కూడా ఎవరూ నావైపు చూడలేదు. నేను ఆ గదిలో ఉన్నానని వాళ్ళకి గుర్తులేదు. కెమెరా పట్టుకుని ఇంత సంతోషంగా నేనెప్పుడూ లేను, మామూ. మీ దగ్గర నేర్చుకున్న పని ఇది. అయినా ఇది మీరు నేర్పింది కాదు.

బట్టలకని శ్రిష్టి తెచ్చిన పెట్టె బస్టాండుకి కాక పక్కింట్లోకే వెళ్ళింది. శ్రిష్టితో పనిచేసే నర్సు ఒకామె చెల్లెలి పెళ్ళి అక్టోబరులో ఉందట. నన్ను అడగమందట, కానీ చేయి ఎత్తననే షరతు మీద.

ఈ రోలు మీకు పంపడం లేదు. ఇక్కడే కడిగించి, ఇక్కడే నేనే దగ్గరుండి ప్రింటు వేయిస్తాను. మీకు బాధ కలుగుతుందని తెలుసు. మీకూ ముమానీకీ కలిపి ఒక ప్రింటు పంపుతాను. బ్రష్షు లోపల పెట్టి, ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చూడండి. చూడండి, అంతే.

ఫరహ్